దోన్ గారు ఎక్కని ఇల్లు

ఇంటిని మోసేటప్పుడు లోపల మనిషి ఉండడు. మనీలాకు దూరాన ఉన్న హినాబ్లాన్ ఊళ్ళో పాలబుగ్గల పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఇది. నిట్రాళ్ళకు అడ్డంగా వెదుళ్ళు కట్టి, ఊళ్ళో మగవాళ్ళంతా భుజాలు పెట్టి ఇంటిని ఉన్నదున్నట్టు లేపి ఇంకో చోటికి తీసుకుపోతున్నారంటే, ముందు రోజే లోపలి సామానంతా బయటికి చేరుతుంది. కుండలు, చాపలు, మరియమాత బొమ్మ, ఆఖరికి పొయ్యి రాళ్ళు కూడా. మోసేవాడి మెడ విరగకూడదు కదా. ముసలమ్మలూ బాలింతలూ కూడా ఇంటి వెనక నడిచే వస్తారు. అలాంటి ఊళ్ళో, కాలేజీ స్వర్ణోత్సవం ప్రదర్శనలో, పిల్లలు మోసుకొచ్చే ఇంట్లో ఒక పెద్దమనిషి దర్జాగా కూర్చుని కిటికీలోంచి టోపీ ఊపుతాడని విన్నప్పుడు చోలెంగ్ చేతిలో సూది ఆగిపోయింది.

అసలు పేరు కాన్సొలాసియోన్ గలీదో. ఆ పేరు పాదిరి గారి నోట తప్ప ఎవరి నోటా వినపడదు. ఊరికంతటికీ ఆమె మామ్ చోలెంగ్. ఆ కాలేజీలోనే కుట్టుపని నేర్పి నేర్పి కళ్ళజోడు తెచ్చుకుని రిటైరైన మనిషి. అందుకే ప్రదర్శనకు కావలసిన బట్టలన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. గళ్ళ లుంగీలు, రవికెలు, తలగుడ్డలు అయిపోయాయి. ఆ రోజు తెల్ల కోటు ఒకటి మిగిలింది. నాటకం నడిపిస్తున్న నెరిస్సా, తన దగ్గర చదువుకున్న పిల్లే, కొలతలు పట్టుకుని వచ్చింది.

"ఇంత నడుమెవరిదే? మన పిల్లల్లో ఇంత లావు వాడెవడూ లేడే," అంది చోలెంగ్.

"సర్ రెనాటోది మామ్. వాళ్ళ తాతగారి వేషం ఆయనే వేస్తారట."

కాలేజీ స్థాపకుడిగా పేరున్న భూస్వామి దోన్ గౌదెన్సియో మనవడు రెనాటో వాల్దెరోసా ఇప్పుడు కాలేజీకి అధ్యక్షుడు. వేస్తే వేశాడు, తాత పోలికలున్నాయి, అనుకుంది చోలెంగ్. ఏ మూల నిలబడతాడని అడిగింది. నిలబడరు, ఇంట్లో కూర్చుంటారు, అని చెప్పింది నెరిస్సా. మరి ఇల్లుగల ఆవిడ వేషం ఎవరు వేస్తున్నారని అడిగింది చోలెంగ్.

నెరిస్సా అమాయకంగా చూసింది. "ఇల్లు కూడా దోన్ గారిదే కదా మామ్?"

ఆ పిల్లనని ఏం లాభం? కాలేజీలో చేరిన ప్రతి పిల్లా మొదటి వారంలోనే స్థాపకుడి కథ అప్పజెప్పాలి. దోన్ గౌదెన్సియో నేలిచ్చాడు, ఇల్లిచ్చాడు, ఊరికి వెలుగిచ్చాడు. సూర్యచంద్రుల్ని కూడా ఇచ్చాడని రాయలేదు, అది మన అదృష్టం. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఈ అల్లుడు దానం చేసి ఊరుకోలేదు, అత్త పేరే చెరిపేశాడు.

ఆ ఇల్లు ఫెలిసిదాద్‌ది. చోలెంగ్ తల్లిది.

జపాన్ వాళ్ళ యుద్ధం ముగిసేనాటికి హినాబ్లాన్‌లో బడి అనదగ్గది లేదు. ఉన్న ఒక్కటీ తగలబడింది. పై చదువు కావాలంటే పడవెక్కి జిల్లా పట్నానికి పోవాలి. ఆ స్తోమత వాల్దెరోసా వాళ్ళకు తప్ప ఇంకెవరికీ లేదు. అప్పుడు మాయెస్త్రో అన్సెల్మో అనే పంతులు కొండల్లోంచి తిరిగొచ్చాడు. గెరిల్లాల మధ్య మూడు చొక్కాలూ రెండు పుస్తకాలతో బతికిన మనిషి. గుడి మెట్ల మీద ఊరివాళ్ళను కూర్చోబెట్టి, మనమే ఒక హైస్కూలు పెట్టుకుందాం, నేను చెప్తాను, జీతం మీరు పండించినప్పుడు బియ్యంగా ఇవ్వండి అన్నాడు. జనం సరే అన్నారు. నేల కావాలి. దోన్ గౌదెన్సియో ఏటికి అవతల, ఉప్పు పేరి మేక కూడా మూతి పెట్టని బీడు చూపించాడు. వాడుకోండి అన్నాడు. నేల దొరికింది సరే, ఇక ఇల్లు కావాలి. యుద్ధం తర్వాత ఎవరింటికి సరైన కప్పుందని?

ఫెలిసిదాద్ ఇంటికి ఉంది. మొగుణ్ణి జపాన్ వాళ్ళు పట్టుకెళ్ళారు, తిరిగి రాలేదు. అతను బతికుండగా స్వయంగా అడవిలో చేవ చెట్లు ఎంచి కొట్టి నిలబెట్టిన ఇల్లు. వెదురు నేల, నీపా ఆకు కప్పు, ఊళ్ళోకెల్లా పెద్ద గది. నిట్రాళ్ళ మీద లేచిన ఆ ఇంటి కింద ఆమె మగ్గం. నేతనేసి కూతుర్ని సాకుతోంది. గుడి మెట్ల మీద అందరూ నేల చూపులు చూస్తున్నప్పుడు ఆమె లేచి, మా ఇల్లెత్తుకుపోండి, అంది.

నీవెక్కడుంటావే అని ఆడవాళ్ళు అడిగారు. మా అన్న వంటసాల ఉంది, ఇద్దరమే కదా, అంది. నా పిల్ల చదవాలి, నా పిల్ల ఒక్కతే చదివితే అది బడి ఎట్లా అవుతుంది, అని కూడా అంది. చదువు రాని మనిషి అన్న మాట అది. ఈ కాలేజీ గోడల మీద చెక్కిన మాటలన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు.

మాయెస్త్రో అన్సెల్మో ఒక్కడే లోకం తెలిసినవాడు. ఇల్లు ఏరు దాటేలోపు, నేల బడికే ఇచ్చినట్టు, ఇల్లు నీదైనట్టు దోన్ గారి చేత ఒక ముక్క రాయించుకుందాం అన్నాడు ఫెలిసిదాద్‌తో. ఆమె చెంపలు వేసుకుంది. దోన్ గౌదెన్సియో ఆమెకు పరాయివాడు కాదు. చోలెంగ్‌ను జ్ఞానస్నానమప్పుడు చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి. ఆ పిల్లకు నీనోంగ్ అయితే ఆమెకు కుంపారే, తోడబుట్టినవాడితో సమానం; ఆయనకు ఆమె కుమారే.

"కుంపారే దగ్గర కాగితం అడుగుతామా మాయెస్త్రో? ఆయన ముందు నేను మొహం ఎక్కడ పెట్టుకోను? రేపు దేవుడి ముందు ఆయన నా బిడ్డకు తండ్రి."

ఇదిగో, మనవాళ్ళ పొరపాటు ఇదీ. ఇంకో దేశంలో ఇంకెవరూ చెయ్యరు. దొంగ దగ్గర కాగితం అడుగుతాం, వడ్డీ వ్యాపారి దగ్గర అడుగుతాం. బిడ్డ తల మీద చెయ్యి పెట్టినవాణ్ణి మాత్రం అడగం. అడిగితే నిన్ను నమ్మడం లేదని మొహాన చెప్పినట్టు. సిగ్గుతో చచ్చిపోతాం. కుంపారేలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

పోటు తగ్గిన వేళ ఇల్లు కదిలింది. జనం బురదలో మోకాలి లోతు దిగబడుతూ, ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఏరు దాటించారు. పద్నాలుగేళ్ళు నిండిన చోలెంగ్ పొయ్యి రాయి ఒకటి చంకన పెట్టుకుని వెనకే నడిచింది. దోన్ గౌదెన్సియో అవతలి గట్టున గొడుగు కింద నిలబడ్డాడు. ఇల్లు దిగాక ఫెలిసిదాద్ మోసినవాళ్ళందరికీ గంజీ ఎండుచేపా వడ్డించింది. ఇల్లుగలవాళ్ళే వడ్డించాలి, అది రివాజు. దోన్ గారు కూడా ఒక చిప్ప గంజి తాగి, బాగుంది కుమారే, అన్నాడు.

మగ్గానికి మాత్రం వంటసాలలో చోటు చాల్లేదు. చూరు కింద పెట్టారు. రెండు వానాకాలాలకు పుచ్చిపోయింది. నేత పోయింది కాబట్టి ఫెలిసిదాద్ కుంపారే ఇంట్లో బట్టలు ఉతకడానికి కుదిరింది. ఇల్లిచ్చిన మనిషి, నేలిచ్చాననుకునే మనిషి దుప్పట్లు ఉతికింది. ఈ ముక్క దగ్గరికొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత జరిగింది ఎవరైనా ఊహించుకోవచ్చు. బడిని సర్కారు దగ్గర నమోదు చెయ్యాలంటే కొన్ని పేర్లు కావాలన్నారు. మనీలా పోయి వచ్చే ఓపిక దోన్ గారికే ఉంది. ఆయన పేరు, భార్య పేరు, కొడుకుల పేర్లు, బావమరిది పేరు ఎక్కాయి. అన్నీ ఒక్క ఇంటి పేర్లే ఎందుకని మాయెస్త్రో అన్సెల్మో అడిగాడు. మరుసటి ఏడాది ఆయనకు పాఠాలు లేవన్నారు. సిమెంటు భవనం లేచింది. హినాబ్లాన్ అకాడమీ అన్న పలక దిగి వాల్దెరోసా మెమోరియల్ కాలేజీ అన్న పలక ఎక్కింది. పేరు మార్చిన రోజు ఊరందరికీ విందు చేశారు. పందుల్ని కాల్చడానికి కట్టెలు కావాల్సివస్తే పాత ఇంటిని విప్పేశారు. ఏరు దాటి తెప్ప తగలేశారంటే మాటవరసకు అంటారనుకుంటాం. వీళ్ళు నిజంగానే తగలేశారు, ఆ నిప్పుల మీద కాలిన మాంసం ఊరంతా తిన్నది. ఫెలిసిదాద్ ఆ రోజు విందులో గిన్నెలు కడిగింది. ఇంటికొచ్చి, చేవ కట్టె కదా, బాగా మండింది, అందట. అంతే అందట.

చోలెంగ్ ఆ బడిలోనే చదివి, టీచరు పరీక్ష రాసి, అక్కడే ఉద్యోగంలో చేరింది. ఒకళ్ళ కింద ఉద్యోగం చేస్తూ వాళ్ళనేం అంటాం? పైగా తల్లి చనిపోతూ, నీనోంగ్‌ను నలుగురిలో చిన్నబుచ్చకు, అని మాట తీసుకుంది. దోన్ గారు పోయినప్పుడు చోలెంగ్ శవపేటిక పక్కన కూతురి వరసలో కూర్చుంది కూడా. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, జీప్ నడిపే మొగుడు ముందే చనిపోయాడు. ఇన్నేళ్ళలోనూ ఏటా స్థాపన దినం నాడు స్థాపకుడి కథ వింటూ, పిల్లల మధ్య చేతులు కట్టుకుని నిలబడింది. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. అదే ఆమెను లోపల లోపల తినేసింది.

నెరిస్సా మాట విన్న చోలెంగ్ కోటు పక్కన పడేసి నేరుగా కాలేజీకి పోయింది. రెనాటో లేచి ఎదురొచ్చి, ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఆ మర్యాదలకేం తక్కువ లేదు. చోలెంగ్ ఎక్కువ అడగలేదు. ఇంట్లో మనిషిని పెట్టొద్దంది. ఇల్లు మా అమ్మదని మైకులో ఒక్కసారి చెప్పించమంది. విగ్రహం వద్దు, పలక వద్దు, పేరొక్కటి చాలంది.

రెనాటో ఓపికగా విన్నాడు. తాతగారు అప్పుడు ఇంట్లో లేకపోయినా, బడిని నడిపించిన ఆత్మ ఆయనదే కదా, అదొక ప్రతీక అన్నాడు. ప్రతీకట. వేలెడంత అబద్ధానికి జానెడు పేరు. తర్వాత గొంతు తగ్గించి, మా కుటుంబం మీకు ఉద్యోగమిచ్చింది, దాన్ని మీరు మరచిపోయే మనిషి కాదని నాకు తెలుసు మామ్, అన్నాడు. చివరికి మెత్తబడ్డట్టు, సరే, మీ అమ్మగారి పేరు తప్పకుండా చదివిస్తాను, నాదీ పూచీ, అన్నాడు.

ఆ మాటతో ఆమె సగం చల్లబడి ఇంటికొచ్చింది. వాకిట్లో కొబ్బరి కల్లు గీసే నోంగ్ ఇస్కో, అంటే ఇస్కో అన్న, కూర్చుని ఉన్నాడు. ఆనాడు ఇల్లు మోసినవాళ్ళలో ఇంకా ప్రాణంతో ఉన్న ఒకరిద్దరిలో అతనొకడు. జరిగిందంతా చెప్పింది.

"లోపల దోన్ గారున్నాడని చూపిస్తారా?" ఇస్కో బోసినోటితో నవ్వాడు. "ఆయన లోపలుంటే ఏటి మధ్యలో వదిలేసి ఈదుకుంటూ వచ్చేవాళ్ళం కదే."

"నవ్వకు నోంగ్. నా కడుపు మండుతోంది."

"మండితే మండనీ. ఇన్నేళ్ళు నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నావు. ఇప్పుడు వాడెవడో పుక్కిలించమంటే పుక్కిలిస్తానంటావు. మీ అమ్మ కాగితం అడగలేదు, నీవు వట్టి మాట తీసుకుని వచ్చావు. రెండూ ఒకటే."

చోలెంగ్ లోపలికి పోయి మళ్ళీ సూది తీసుకుంది. పేరు చదివిస్తానన్నాడుగా, అనుకుంది. కోటు కుట్టి పంపించింది.

స్వర్ణోత్సవం రోజు మైదానం నిండిపోయింది. ఎక్కడెక్కడో స్థిరపడ్డ పాత విద్యార్థులంతా తమ బ్యాచి చొక్కాలు తొడుక్కుని వచ్చారు. బ్యాండు మేళం, ఐస్ క్యాండీ అమ్మేవాళ్ళు, మేయరు, పాదిరి గారు. చోలెంగ్‌ను వేదిక మీద రెండో వరసలో కూర్చోబెట్టి రొమ్ముకు రిబ్బను గుచ్చారు. మైదానం అవతలి కొసన ఉత్తుత్తి ఇల్లు లేచింది. సన్న వెదురుతో, పైన కొత్త ఆకుతో ముచ్చటగా చేశారు. దానికి పెద్ద కిటికీ పెట్టారు, ఊపాలి కదా. తలుపు పెట్టడం మాత్రం ఎవరికీ తోచలేదు. రెనాటోను లోపల కుర్చీలో కూర్చోబెట్టాకే చుట్టూ దడి బిగించారట. పిల్లలు పళ్ళు బిగించి మోస్తున్నారు. తెల్లకోటు, తెల్లటోపీ. టోపీ ఊగుతోంది, జనం చప్పట్లు.

మైకులో నెరిస్సా గొంతు కథ చదువుతోంది. యుద్ధం, చీకటి, దోన్ గౌదెన్సియో పెద్ద మనసు. తన సొంత ఇంటిని ఊరి పిల్లలకు దానం చేసిన మహానుభావుడు, అంది. చోలెంగ్ తల వంచుకుని, వస్తుంది, ఇప్పుడొస్తుంది, అనుకుంటూ కూర్చుంది. వచ్చింది.

"ఈ మహాకార్యంలో ఆ కుటుంబానికి అండగా నిలిచినవారిని కూడా ఈ రోజు తలచుకుందాం. దోన్ గారి ఇంట ఎన్నో ఏళ్ళు నమ్మకంగా బట్టలు ఉతికిన ఫెలిసిదాద్ గలీదో..."

మాట ప్రకారం పేరు చదివించాడు. ఇచ్చిన మాట తప్పని వంశం.

నమ్మకంగా బట్టలు ఉతికిందట! ఇల్లు పెరికి ఇచ్చి, మగ్గం పోగొట్టుకుని, ఆ ఇంటి బూడిద పక్కన గిన్నెలు తోమిన మనిషి, చివరికి వాళ్ళ కథలో పనిమనిషిగా మిగిలింది. చోలెంగ్‌కు తల్లికిచ్చిన మాట గుర్తొచ్చింది. అమ్మా, నీ కుంపారేను చిన్నబుచ్చొద్దన్నావు, నిన్ను చిన్నబుచ్చితే ఏం చెయ్యాలో చెప్పలేదే, అనుకుంది. రిబ్బను తీసి కుర్చీలో పెట్టి వేదిక దిగింది. పాదిరి గారు చెయ్యి పట్టుకోబోయారు, అందలేదు.

మైదానం మధ్యలో ఆమె ఇంటికి ఎదురుగా నిలబడింది. ముందు వరస పిల్లలు ఆగారు. వాళ్ళాగితే వెనకవాళ్ళూ ఆగారు. ఇల్లు ఒరిగింది, కిటికీలో టోపీ ఒక పక్కకు జారింది.

"దించండి నాయనా. మనిషున్న ఇల్లు మొయ్యకూడదు," అంది చోలెంగ్.

ఇళ్ళల్లో వాళ్ళ తాతలు చెప్పే మాటే అది. పిల్లలు మారుమాట్లాడకుండా దించేశారు. భుజాలు రుద్దుకుంటూ నిలబడ్డారు. రెనాటో కిటికీలోంచి నవ్వుతూనే, "మామ్ చోలెంగ్, తర్వాత మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు," అన్నాడు.

"చూడాలనే వచ్చాను సర్. కిందికి దిగండి."

దిగుదామంటే తలుపు లేదు. అతను కుర్చీ వెనకా ముందూ తడుముకున్నాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టి ఇరుక్కుపోతే ఇద్దరు పిల్లలు చంకల్లో చేతులేసి లాగారు. పోయిన వారం కుట్టిన కోటు చంక దగ్గర చిరిగింది.

చోలెంగ్ మైకు కోసం చూడలేదు. తరగతి చివరి బెంచీకి వినపడేలా చెప్పడం అలవాటైన గొంతు ఆమెది.

"దోన్ గౌదెన్సియో నా నీనోంగ్. నా తల మీద చెయ్యి పెట్టిన మనిషి. ఆయన్ని నలుగురిలో ఒక్క మాట అనకూడదని ఇన్నేళ్ళు ఊరుకున్నాను. ఇప్పుడూ అనను. ఉన్నది చెప్తాను. ఆయన ఈ ఇల్లు ఎక్కలేదు. భుజం పెట్టలేదు. గట్టున గొడుగు కింద నిలబడ్డాడు. ఇల్లు మా అమ్మది. మా నాన్న కట్టాడు, మా అమ్మ ఇచ్చింది, మీ తాతలు మోశారు. ఈ బడి ఎవరో ఇచ్చింది కాదు. మీ తాతలది."

రెనాటో బ్యాండు వాళ్ళ వైపు చెయ్యి ఊపాడు. బాకాలూ డప్పులూ ఒక్కసారిగా మోగాయి. ఆమె ఇంకా చెప్తూనే ఉంది, పెదవులు కదలడం తప్ప వినపడటం లేదు. నెరిస్సా మైకు ముందు కాగితాలు పట్టుకుని నిలబడింది. తర్వాతి పేజీ చదవమని పక్కనున్నవాడు పొడుస్తున్నాడు. ఆమె చదవలేదు. కాగితాలు మడిచేసింది.

దగ్గర ఉన్నవాళ్ళకు వినపడింది. వెనకవాళ్ళకు వినపడలేదు. వినపడనివాళ్ళు ఊరుకుంటారా? ముందువాళ్ళ భుజం తట్టి అడిగారు. ఏమందిరా? ఇల్లు దోన్ గారిది కాదంటోంది. మరెవరిదట? బట్టలుతికే ఫెలిసిదాద్ లేదూ, ఆవిడది. ఆ మాట బ్యాండు మోత కిందనుంచి వరస వరసా పాకింది. బ్యాచి చొక్కాలు తల తిప్పి బ్యాచి చొక్కాలకు చెప్పాయి. నోంగ్ ఇస్కో బోర్లించిన తాటాకు బుట్ట మీద కూర్చుని, నేను మోశాను, నన్నడగండి, అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. బ్యాండు వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి మాట ఫెన్సింగు దాకా పోయింది. అక్కడ ఐస్ క్యాండీ అమ్మే ఆవిడ, పొరుగూరి మనిషి, చిల్లర లెక్క మధ్యలో ఆపి, ఎవరి ఇల్లు, ఎవరి ఇల్లు, అని అడిగింది.

"ఫెలిసిదాద్ గలీదోది," అన్నారు జనం.